మేట్రనమ్మ సాక్ష్యం

ఇరవై రెండో అంశం నాది. కార్యక్రమం పుస్తకం ఇప్పటికి పదిసార్లు తిరగేశాను, పదిసార్లూ అది అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది గనక. ఇరవై రెండు, సత్ప్రవర్తన పతకం, అందుకొనువారు ఒయెబోడె కెహిండే, సాక్ష్యమిచ్చువారు శ్రీమతి మొరెనికె అజగ్బే, ఎస్తేరు బాలికల హాలు మేట్రన్, దాని కింద చిన్నక్షరాల్లో, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు. ఆ ముక్క వేయమని ఎవరడిగారో. ఇప్పుడు తొమ్మిదో అంశం నడుస్తోంది, గాయకబృందం మూడో చరణంలో ఉంది, ఐదు చరణాల పాట, బాప్టిస్టులం మనం చరణం వదిలిపెట్టే జాతి కాదు కదా, పాడండి నాయనా, ఇంకో పది చరణాలుంటే అవీ పాడండి, నాకేం తొందర లేదు. షామియానా వేడికి మెడ వెనక చెమట కారుతోంది, తలకి చుట్టిన గెలె గుడ్డ బిగుసుకుపోయి కణతలు లాగుతున్నాయి, ఎడారి గాలి ఈ ఏడు పదిహేను రోజులు ముందే దిగింది, పెదవి నాలుకతో తడిపితే దుమ్ము రుచి. వేదిక వెనక జనరేటర్ ఒకటే గురక. గేటు దగ్గర డప్పులవాళ్ళు లోపలికొచ్చే ప్రతి తండ్రినీ ఆపి అతని వంశం మొత్తం డప్పు మీద పొగిడి నోటు నుదుటికి అంటించుకునేదాకా వదలడంలేదు, ఆ చప్పుడు పాటలో కలిసిపోతోంది, గాయకబృందం నాయకుడి మొహం చూస్తే తెలుస్తోంది ఆయనకి ఎంత మంటగా ఉందో.

"అక్కా, నువ్వు ఆ పుస్తకాన్ని విసనకర్రగా వాడతావా, దేవుడి వాక్యంలా చదువుతావా, ఏదో ఒకటి చెయ్యి. నాకిస్తే నేనైనా విసురుకుంటా" అంది పక్కనున్న ఇబిరోంకె. భోజనశాల పెద్ద ఆవిడ, ఒళ్ళో సంచి, సంచిలో ఆకులో చుట్టి ఉడికించిన అలసందపిండి మొయిన్‌మొయిన్ పొట్లాలు, స్నాతకోత్సవం రోజు ఎవరి అన్నం ఎవరికి అందుతుందో నమ్మకం లేదని తనది తనే తెచ్చుకుంటుంది. ఇచ్చాను. విసురుకుంటూ అంది, "పన్నెండోసారి కదా ఎక్కడం. కొత్త పెళ్ళికూతురిలా ఆ వణుకేంటి." వణుకు కాదే, ఎండ, అన్నాను. ఎండకి ఎవరూ వణకరు, చలికి వణుకుతారు, అంది. దానికి నోరుంది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడు, ఇలాగే ఉంటాడు, కొత్త లేసు బట్ట కట్టుకుని రెండో వరసలో కూర్చుని ఎండ అంటాడు.

మూడే ముక్కలు నేను చెప్పాల్సింది. పతకం వచ్చిన పిల్ల ఏ హాలులో ఉందో ఆ హాలు మేట్రను వేదిక ఎక్కాలి, పిల్ల మోకరిస్తుంది, పిల్ల పేరు పైకి చెప్పాలి, ఈమె నా కప్పు కింద ఉంది, నేను చూశాను, నేను సాక్షిని, అనాలి, పతకం మెడలో వేయాలి, దిగాలి. ప్రొఫెసర్లు పరీక్ష కాగితాలు చూస్తారు, పిల్ల ఎలాంటిదో ఇల్లు కాచేవాళ్ళకే తెలుస్తుంది అని మొదటి వైస్ ఛాన్సలర్ పెట్టిన ఆచారం ఇది, ఆ మహానుభావుడు పోయాడు, ఆచారం మిగిలింది. పదకొండుసార్లు చెప్పాను, ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు, ఎందుకు తడబడాలి, అందరూ బంగారం లాంటి పిల్లలు, వాళ్ళ మంచం కింద ఏముందో కూడా నాకు తెలుసు. కెహిండే కూడా బంగారమే, కాదని నేను అనను, ఐదేళ్ళలో ఒక్క ఆరాధన మానలేదు, పొద్దున్నే ప్రార్థనకి పాట ఎత్తుకునేది అదే, కొత్త పిల్లలకి జ్వరమొస్తే పక్కన కూర్చునేది అదే. ఒక్క రాత్రి తప్ప. ఆ ఒక్క రాత్రిని దాని చెల్లెలి పద్దులో రాసింది నేను.

పంతొమ్మిదేళ్ళ కిందట మేం ఈ విశ్వవిద్యాలయం మొదలుపెట్టినప్పుడు ఇక్కడ మొక్కజొన్న చేను, దాని మధ్య ఒక రేకుల షెడ్డు, తొంభై ఆరుగురు పిల్లలు, అందులో ఆడపిల్లలు నలభై ఒక్కరు. మెట్లెక్కే చప్పుడుని బట్టి ఎవరో చెప్పేదాన్ని, దగ్గుని బట్టి చెప్పేదాన్ని, ఉతికి ఆరేసిన బట్టని బట్టి చెప్పేదాన్ని. ఇప్పుడు ఒక్క నా హాలులోనే ఆరువందల మంది, నలుగురి గదిలో ఎనిమిది మంచాలు, ఇవాళ పట్టాలు తీసుకునేవాళ్ళే పదకొండువందల నలభై, అటు చూస్తే కొత్త పరిపాలన భవనం నాలుగో అంతస్తు లేస్తోంది, సిమెంటు బస్తాల మీద కూడా ఎవరో మేనత్తలు కుర్చీలు లేక కూర్చున్నారు. పెరగనీ, పెరగాలనే కదా మోకాళ్ళు అరిగేలా ప్రార్థించాం. కానీ పెరిగినకొద్దీ పెద్దలకి ఒక పాట పట్టుకుంది, ఎంత పెరిగినా ఇక్కడ ప్రతి బిడ్డా పేరుతో తెలుసు అని, కరపత్రం మీద వేశారు, గోడ మీద రాశారు, అలా రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా వైపు చూసేవాళ్ళు, మన మేట్రనమ్మ ఉంది కదా అనేవాళ్ళు. నాకది తియ్యగా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గేమిటి, మొగుడు పోయిన దాన్ని, పిల్లలు లేనిదాన్ని, ఆ మాటే నా ఇంటి వెలుగు. కళ్ళకి పొర వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. మెట్ల చప్పుడు ఆరువందల జతల కాళ్ళల్లో కలిసిపోయిందని అసలే చెప్పలేదు.

పాట అయిపోయింది. పదో అంశం, వాక్యపఠనం. కూర్చున్న బట్టలన్నీ ఒక్కసారి గరగరలాడి సర్దుకున్నాయి. పట్టభద్రులు కుడివైపు, నల్లగౌన్ల మీద ఊదారంగు పట్టీలు, నర్సింగు పిల్లలు మూడో వరస, కెహిండే ఆ చివర కూర్చోవాలి, ఇక్కడినుంచి టోపీలే కనిపిస్తున్నాయి, ఏ టోపీ కింద ఏ మొహమో. ఎడమవైపు తల్లిదండ్రులు, అందులో కవలల తల్లి, ఊరంతా ఆవిణ్ణి ఇయా ఇబెజీ అనే పిలుస్తారు, కవలల తల్లి అనే దానర్థం, సొంత పేరు ఆవిడే మరిచిపోయి ఉంటుంది. ఆకుపచ్చ బట్ట, పక్కన అదే ఆకుపచ్చ బట్టలో తైవో. గౌను లేకుండా. దాంతో కలిసి చేరినవాళ్ళంతా నల్లగౌన్లలో ఉంటే అది తల్లి పక్కన కూర్చుని తల్లికి చెమట తుడుస్తోంది. ఒక ఏడాది వెనకపడింది మరి. వెనకపడింది అంటున్నాను చూడు, కాలుజారి పడ్డట్టు. నేను తోశాను.

మా యొరుబా వాళ్ళల్లో కవలలు పుడితే పేర్లు పెట్టక్కర్లేదు, పుట్టుకతోనే వస్తాయి. ముందు పుట్టింది తైవో, తర్వాత పుట్టింది కెహిండే, అయినా అక్క కెహిండేయే, ఎందుకంటే అక్క లోపలే కూర్చుని చెల్లెల్ని పంపుతుంది, పోవే, పోయి లోకం ఎలా ఉందో చూసి రా, బావుందంటే నేనొస్తా అని. చెల్లెలు ముందొచ్చి ఏడుస్తుంది, అక్క తీరిగ్గా వస్తుంది. అప్పటినుంచి చచ్చేదాకా అంతే, అక్క బరువు చెల్లెలు మోయాలి, అక్కకి పరువుతక్కువ కానివ్వకూడదు. ఇది నాకు తెలియదా, నేను ఈ మట్టిలో పుట్టలేదా, మా అమ్మ కూడా కవలల్లో ఒకతె కాదా. తెలిసీ ఆ రోజు పొద్దున అలా అడిగాను, అడగడం కూడా కాదు, చెప్పాను, అదే నా పాపం.

రెండేళ్ళ కిందట, ఇలాగే దుమ్ముగాలి రోజులు. శనివారం రాత్రి హాజరు వేళ కవలల మంచాల్లో ఒకటి ఖాళీ, రెండోదాంట్లో ఎవరో తలదాకా దుప్పటి. తెల్లవారుతుండగా వంటింటి పక్క తలుపులోంచి ఒక పిల్ల లోపలికి జారిపోవడం వెనకనుంచి చూశాను, పసుపు జాకెట్టు, అంతే, మొహం చూడలేదు. అనుమతి చీటీ లేకుండా రాత్రి బయట ఉంటే ఒక ఏడాది బహిష్కరణ, అది పిల్లలు చేరిన రోజే సంతకం పెట్టే నియమం. ఇద్దర్నీ నా గదికి పిలిచాను. ఇద్దరూ మోకరించారు, ఒకే మొహం రెండుసార్లు. కెహిండే అంటే పాటలు, ప్రార్థనలు, మంచి పిల్ల. తైవో అంటే వేళాకోళం, నా నడకని అనుకరించి హాలంతా నవ్వించేది, ఒకసారి నా వెనకే నడుస్తూ నాకే దొరికింది. కాబట్టి ఆలోచించాల్సిన పనే లేదనుకున్నాను. ఎవరు వెళ్ళారే అని అడిగితే సరిపోయేది. అలా అడగలేదు. "తైవో, నీ నడక నాకు తెలియదనుకున్నావా" అన్నాను. అది తలెత్తి నన్ను చూసింది, తర్వాత అక్కని చూసింది, అక్క నేల చూస్తోంది. పెద్దావిడ మొహం మీద, మీరు పొరబడ్డారమ్మా అని ఏ పిల్ల అంటుంది ఈ దేశంలో. అక్క పేరు బయటపెట్టి ఏ చెల్లెలు లేస్తుంది. రెండు వైపులా తాళం వేసి మధ్యలో దాన్ని నిలబెట్టాను. "అవునమ్మా, నేనే" అంది. చూశావా, నాకు తెలుసు, అనుకున్నాను, గర్వంగా అనుకున్నాను, విచారణ సంఘం ముందు కూడా అదే చెప్పాను, చీకట్లో వెనకనుంచి చూసినా నా పిల్లల్ని నేను పోల్చగలనండీ అని. వాళ్ళు తలలూపారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

పదకొండో అంశం. వైస్ ఛాన్సలర్ లేచాడు. కాగితాలు ఎన్ని ఉన్నాయో చూడాలని మెడ చాచాను, పలచగా ఉన్నాయి, పాడుకాలం, ఏ ఏడూ లేనిది ఈ ఏడే ఆయనకి క్లుప్తత పుట్టుకొచ్చింది.

మూడు వారాలు గడిచాక వచ్చింది కెహిండే. నేను వంటింట్లో మిరపకాయలు నూరుతున్నాను. వెనక తలుపు దగ్గర మోకరించింది, నేనమ్మా వెళ్ళింది, స్నేహితురాలి పుట్టినరోజు, ఊళ్ళో, తిరిగి రావడానికి బండి దొరకలేదు, అంతే, ఇంకేం లేదు, తైవో మంచంలో ఉంది, దుప్పటి కప్పుకుంది తైవో, అని ఏడుస్తూ చెప్పింది. పెద్ద నేరమేం కాదు, ఒక కేకు ముక్క, కాసేపు డాన్సు. నేను ఆ క్షణాన ఏమన్నానో నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, పోదామన్నా పోదు. "ఇంకెవరికైనా చెప్పావా" అన్నాను. మొదటి మాట అదీ నాది. లేదమ్మా. "అయితే చెప్పకు. అది ఒక ఏడాది, వచ్చేస్తుంది. నువ్వు నోరు తెరిస్తే నీ చదువూ పోతుంది, దానిదీ రాదు, అబద్ధం చెప్పినందుకు దాన్ని పూర్తిగా పంపేస్తారు. లే. మొహం కడుక్కుని పో." అందులో కొంచెం నిజం ఉంది, అదే మరీ దరిద్రం, అబద్ధానికి నిజం కొంచెం ఉప్పులా వేస్తే ఎవరికైనా సహిస్తుంది. కానీ నేను ఆలోచించింది ఆ పిల్లల గురించి కాదు. చీకట్లో వెనకనుంచి పోల్చగలనండీ అన్నాను కదా, ఆ మాట గురించి ఆలోచించాను. ఆ చప్పట్ల గురించి. మిరప చెయ్యి కంట్లో పెట్టుకున్నాను ఆ రోజు, రాత్రిదాకా మండింది.

తైవో ఆ ఏడాదంతా తల్లి పాకలో కర్రపెండలం తురిమి, నీళ్ళు పిండి, పెనం ముందు కూర్చుని రవ్వ వేపింది. తిరిగొచ్చాక నన్ను చూసి మోకరించేది, అదే నవ్వు, అదే వేళాకోళం, కాకపోతే నా నడక మాత్రం అనుకరించడం మానేసింది. దానికి తెలుసు నాకు తెలుసని. అక్క చెప్పే ఉంటుంది, వాళ్ళ మధ్య దాపరికం ఏముంటుంది. ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది, తిట్టినా బావుండేది, నేను అరిచి ఉండేదాన్ని, అరిస్తే ఏదో ఒకటి బయటపడేది.

సోమవారం ఇయా ఇబెజీ వచ్చింది నా ఇంటికి. నెత్తిమీద రవ్వ సంచి. కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి చెప్పింది, నర్సుల మండలివాళ్ళు ఆఖరి పరీక్షకి ముందు నడవడి పత్రం అడుగుతారట, తైవో దస్త్రంలో ఆ బహిష్కరణ ఉన్నంతకాలం విశ్వవిద్యాలయం పత్రం ఇవ్వదట, రాసినావిడ కారణం చూపించి కొట్టేస్తేనే పోతుందట, అది కూడా ఆవిడ ఉద్యోగంలో ఉండగానే. "మీరు నెలాఖరుకి వెళ్ళిపోతున్నారంట కదమ్మా. చిన్నపిల్ల, బుద్ధి లేక ఒక్క తప్పు చేసింది. మన్నించండమ్మా. ఒక్క గీత గీస్తే దాని బతుకు నిలబడుద్ది" అంది. మన్నించమంది నన్ను. ఆవిడకి ఏమీ తెలియదు. చూద్దాంలే తల్లీ అన్నాను. సంచి వద్దనలేదు. మంగళవారం ఆ రవ్వే నానబెట్టుకుని తిన్నాను, బావుంది, సన్నగా, దోరగా వేపింది, ఎవరు వేపారో అడగలేదు.

గీత గీయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే, మరి వెళ్ళిందెవరు అంటారు. వెళ్ళింది కెహిండే అంటే, ఇవాళ పతకం ఎవరికిచ్చాం అంటారు, దాని పట్టా ఆపుతారు. మీకెప్పటినుంచి తెలుసు అంటారు. రెండేళ్ళనుంచి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను ఆరువేలమంది ముందు నేను చూశాను, నేను సాక్షిని అనాలి. అన్నాక ఇక నెలాఖరులోగా గీసే గీత లేదు, ఏమీ లేదు, పొద్దున సభలో ఒక మాటా మధ్యాహ్నం కాగితం మీద ఇంకో మాటా చెప్పే ముసలిదాన్ని ఎవరు నమ్ముతారు. అబద్ధ సాక్ష్యం పలకకూడదనే తొమ్మిదో ఆజ్ఞ ఆదివారం బడిలో నేనే నేర్పాను, ముప్పై ఏళ్ళు నేర్పాను, చిన్నపిల్లల చేత చేతులు కట్టించి చెప్పించాను.

"...పదకొండువందల నలభై మంది," అంటున్నాడు వైస్ ఛాన్సలర్, "అయినా మనం పిల్లల్ని లెక్కపెట్టం, పేరు పెట్టి పిలుస్తాం. దానికి రుజువు అదిగో, రెండో వరసలో ఉంది. అమ్మా అజగ్బే గారూ, ఒక్కసారి లేవండి." ఇబిరోంకె మోచేత్తో పొడిచింది. లేచాను. చప్పట్లు. కుడివైపు గౌన్లలోంచి నా హాలు పిల్లలు మేట్రనమ్మా మేట్రనమ్మా అని అరుస్తున్నారు, ఈలలు కూడా వేస్తున్నారు, ఈల వేస్తే రెండు రోజులు వరండా తుడిపించేదాన్ని, ఇవాళ నవ్వాను. చప్పట్లు ఆగవేం. కూర్చుంటే ఇబిరోంకె చెవిలో అంది, "ఏడుస్తున్నావా అక్కా. ఏడు, ఏడు, ఇంత గౌరవం ఎవరికి దక్కుద్ది. నేను పంతొమ్మిదేళ్ళు వండా, నన్ను లేవమన్న నాథుడు లేడు." నీ అన్నం ఎవర్నీ బయటికి పంపలేదు ఇబిరోంకె, అందామనుకున్నాను. మొయిన్‌మొయిన్ పొట్లం ఒకటి నా ఒళ్ళో పెట్టింది, తినవే, నీరసం అది, అని.

అంశాలు పరుగెడుతున్నాయి. డీన్లు ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు, విద్యలోనూ నడవడిలోనూ యోగ్యులని తేలినవారిని మీ ముందుంచుతున్నాను, అంటున్నారు, గుంపులు గుంపులుగా లేస్తున్నారు, కూర్చుంటున్నారు, నడవడి, నడవడి. పదిహేడు. పద్దెనిమిది. జ్వరమని చెప్పి వెళ్ళిపోతే. పడిపోతే, ఈ వయసులో ఎండకి పడిపోవడం ఎవరూ తప్పుపట్టరు, ఇబిరోంకె మోస్తుంది, గట్టి చేతులు దానివి. అప్పుడు నా బదులు రూతు హాలు మేట్రను ఎక్కి చెప్తుంది, ఆవిడకి ఏం తెలియదు కాబట్టి ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఎంత తెలివి నాది. తైవో దస్త్రం తెలివిని చూసి చెరిగిపోతుందా. ఎడమవైపు చూశాను, ఆకుపచ్చ బట్ట, ఇయా ఇబెజీ నన్ను చూసి చెయ్యి ఊపింది, నోరంతా నవ్వు, ఒక కూతురికి ఇవాళ పతకం, ఇంకో కూతురికి నేను గీయబోయే గీత, రెండూ నా చేతిలోనే ఉన్నాయని ఆవిడ నమ్మకం. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. తల్లికి నీళ్ళ ప్యాకెట్ తేవడానికి వెళ్ళుంటుంది పిల్ల. ఇరవై. నర్సింగు వరస చివర్లో టోపీ సరిచేసుకుంటూ ఎవరో వచ్చి కూర్చున్నారు, ఏ టోపీ అయినా ఒకటే నా కళ్ళకి. ఇరవై ఒకటి, గణితంలో ప్రథముడు, పొట్టి కుర్రాడు, వాళ్ళ నాన్న వేదిక దాకా డాన్సు చేస్తూ వచ్చాడు, జనం నవ్వారు, ఇంకాసేపు చెయ్యి నాయనా, నీ పుణ్యం.

ఇరవై రెండు.

రిజిస్ట్రార్ డాక్టర్ ఒలాసుపో నా పేరు చదివాడు. మెట్లు ఏడు, లెక్కపెట్టాను, ఏడో మెట్టు మీద ఏమీ తేలలేదు నాకు, మైకు చేతికొచ్చింది, ఎవరో ఎర్ర దిండు మీద పతకం పట్టుకున్నారు, గౌను చప్పుడు చేసుకుంటూ పిల్ల వచ్చి నా ముందు మోకరించింది. చెప్పేస్తాను, అనుకున్నాను, ఏం చెప్పేస్తానో తెలియదు. మైకు పక్కకి పట్టుకుని వంగాను, కెహిండే, బిడ్డా, అని ఏదో అనబోయాను, క్షమించమనో, సిద్ధంగా ఉండమనో.

"కెహిండే కాదమ్మా," అంది పిల్ల పెదవులు కదపకుండా. "తైవోని. అక్క పంపింది."

చూశాను. గౌను చేతి అంచు కింద మణికట్టు మీద వరసగా కాలిన మచ్చలు, పెనం అంచు తగిలినవి. మొహం ఎత్తి నన్నే చూస్తోంది.

"పతకం నీదేనే అంది అక్క. పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు, నేను ఎక్కనంటే ఎక్కను, నువ్వెక్కు అని. మీరు మామూలుగా చెప్పేయండమ్మా. మీ మాట ఇప్పుడు అబద్ధం కాదు. ఎవరికీ తెలీదు."

ఎవరికీ తెలీదు. ఎంత బాగా అల్లారు పిల్లలు, నాకోసం కూడా అల్లారు, నా పాపానికి కూడా ఒక గౌను కుట్టి తెచ్చారు. నేను ఆ మూడు ముక్కలూ చెప్పొచ్చు, పేరొక్కటి మింగేస్తే ప్రతి అక్షరం నిజం, ఈమె నా కప్పు కింద ఉంది, నేను చూశాను, నేను సాక్షిని, దేవుడికి కూడా తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, దిగిపోయి మొయిన్‌మొయిన్ తినొచ్చు, నెలాఖరుకి జ్ఞాపిక తీసుకుని మా అన్న ఇంటికి పోవచ్చు, కెహిండేకి పట్టా, తైవోకి మెడలో ఈ ఇత్తడి. ఎంత హాయి, ఒళ్ళంతా ఒక్క క్షణం తేలికైపోయింది, నిజం చెప్తున్నాను, తీసుకోవాలనిపించింది. కానీ పుస్తకంలో పేరు కెహిండే. పతకం వెనక చెక్కింది కెహిండే. దస్త్రంలో ఉన్నది తైవో. నర్సుల మండలివాళ్ళు వేదిక మీద ఎవరు మోకరించారో అడగరు, కాగితం అడుగుతారు. మళ్ళీ దీన్ని అక్క పేరు మీద మోకరించబెట్టి పంపేస్తున్నాను, అంతేగా, మళ్ళీ అవునమ్మా నేనే అనిపిస్తున్నాను.

"అమ్మా, చెప్పండి, అందరూ చూస్తున్నారు" అంది తైవో.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఊపిరి చప్పుడు షామియానాలన్నిట్లో వినిపించింది. "ఈమె పేరు ఒయెబోడె తైవో" అన్నాను.

నవ్వు, మొదట పట్టభద్రుల్లో, తర్వాత తల్లిదండ్రుల్లో, మంచి నవ్వే, చెడ్డది కాదు, కవలల్ని కలగలిపితే ఈ ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు. ఒలాసుపో నవ్వుతూ తన మైకు అందుకున్నాడు. "కెహిండే అండీ, కెహిండే. చూశారా, కవలల దగ్గర మన మేట్రనమ్మ కూడా తడబడింది." ఇంకా నవ్వారు. ఇయా ఇబెజీ కూడా నవ్వుతోంది, చేతులు తట్టి పక్కావిడకి చెప్తోంది. ఆవిడ వెనక షామియానా గుంజ దగ్గర ఆకుపచ్చ బట్టలో కెహిండే, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. నా ముందు తైవో తల అడ్డంగా ఊపుతోంది, వద్దమ్మా, వద్దు, అక్క పట్టా పోతుందమ్మా. పోకుండా చూడాలి, రెండేళ్ళ కిందట నోరు మూయించింది నేనని చెప్పాలి, అదీ చెప్తాను, వరసగా చెప్తాను, దాని భుజం మీద చెయ్యి వేశాను.

"తడబడింది ఇవాళ కాదు డాక్టర్ గారూ" అన్నాను. "రెండేళ్ళ కిందట. ఈ పిల్ల నాలుగేళ్ళు నా కప్పు కింద ఉంది. మధ్యలో ఒక ఏడాది, ఏ తప్పూ చేయనిదాన్ని, నేనే బయటికి గెంటాను."

నవ్వు ముందు వరసనుంచి మొదలై వెనకదాకా ఆగిపోయింది. ఒలాసుపో దగ్గరికొచ్చాడు, మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా దిగలేదు, మెల్లగా, "అమ్మా, ఎండ ఎక్కువగా ఉంది, రండి, కూర్చుందురుగాని" అంటూ నా మైకు కోసం చెయ్యి చాచాడు.

"మీరు కూర్చోండి" అన్నాను. "నా సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదు."